బల్కంపేట గడిలో -999

సముద్రాల ఉపరితల ఉష్ణోగ్రతను నమోదు చేసే పట్టికలో హైదరాబాద్‌లోని బల్కంపేటకూ ఒక గడి ఉంది. అమెరికా సంస్థ నోవా ఓఐఎస్‌ఎస్‌టీ పేరుతో రోజుకొక పట్టిక ఇస్తుంది. 1981 సెప్టెంబరు నుంచీ ఈ లెక్కలు ఉన్నాయి. అందులో భూగోళాన్నంతటినీ పావు డిగ్రీ గడులుగా కోస్తారు. అడ్డంగా 1,440, నిలువుగా 720, మొత్తం 10,36,800. దక్షిణ ధ్రువం నుంచి లెక్కపెడుతూ వస్తే 430వ వరుసలో, గ్రీనిచ్ నుంచి తూర్పుగా 314వ గడి మనది. బల్కంపేట, అమీర్‌పేట, పంజాగుట్ట మూడూ అందులోనే ఇమిడిపోతాయి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరికొచ్చేసరికి పక్క గడి మొదలవుతుంది.

ఇక్కడి నుంచి ఎటు వెళ్లినా సముద్రం రెండున్నర వందల కిలోమీటర్లకు పైనే. కాబట్టి ఆ గడిలో చెప్పడానికి ఉష్ణోగ్రత లేదు. అయినా గడిని ఖాళీగా వదలరు, -999 అని రాస్తారు. 'ఇక్కడ విలువ లేదు' అని దానికి అర్థం. ఈ పట్టికలో దాదాపు మూడో వంతు గడులది ఇదే పరిస్థితి, అవన్నీ నేల.

లేనిచోట కూడా ఏదో ఒకటి రాయడమెందుకు? నెట్‌సీడీఎఫ్ అనే ఫైల్ పద్ధతిలో ఒక్కో విలువ పక్కన దాని చిరునామా రాయరు. అక్షాంశాల జాబితా ఒకసారి, రేఖాంశాల జాబితా ఒకసారి రాసి, ఆపైన విలువలను వరుసగా పేర్చుకుంటూ పోతారు. ఎన్నో స్థానంలో ఉందన్నదే ఆ విలువ చిరునామా. తరగతిలో రాని పిల్లల పేర్లు కొట్టేసి, రోల్ నంబర్లు లేకుండా మార్కులు మాత్రం చదువుకుంటూ పోతే ఒకరి మార్కులు మరొకరి ఖాతాలో పడతాయి. ఇక్కడా అంతే. మధ్యలో ఒక్క విలువ తీసేస్తే దాని వెనకున్నవన్నీ ఒక్కో గడి ముందుకు జరుగుతాయి. కాకినాడ దగ్గరి వేడి వేరే తీరానికి చేరుతుంది.

టెక్స్ట్ ఫైల్‌లోకి ఎగుమతి చేసేటప్పుడు పాటించాల్సిన వరుస దీన్నిబట్టే తేలుతుంది. ముందు ప్రతి విలువకూ దాని తేదీ, రేఖాంశం, అక్షాంశం పక్కన చేర్చాలి. చేర్చాకే విలువ లేని వరుసలను తీసెయ్యాలి. ప్రతి వరుస తన చిరునామా తాను మోస్తున్నప్పుడు మధ్యలో ఎన్ని పోయినా మిగతావి చెదరవు. విశాఖ ముందున్న గడి 83.375, 17.625, ఆపైన ఉష్ణోగ్రత అంటూ ఒంటరిగా నిలబడగలదు.

తీసెయ్యకుండా అలాగే వాడితే ఏమవుతుంది? పక్కపక్కనే నాలుగు గడులు ఉన్నాయనుకుందాం. మూడింట్లో 28.4, 28.6, 28.8 డిగ్రీలు, నాలుగోది నేల. -999ని కూడా కలిపి సగటు తీస్తే సముద్రం -228.3 డిగ్రీలని వస్తుంది. ఇది ఎవరికైనా తప్పని తెలిసిపోతుంది. నన్ను భయపెట్టేది ఇది కాదు. స్థలం కలిసొస్తుందని ఈ ఫైల్‌లో 28.54ను 2854 అనే పూర్ణాంకంగా దాచి, చదివేటప్పుడు 0.01తో గుణించమని సూచన పెడతారు. -999ని ముందే పక్కన పెట్టకుండా అన్నింటినీ గుణించేస్తే అది -9.99 అవుతుంది. అప్పుడు ఆ నాలుగు గడుల సగటు 18.95. సముద్రానికి అసంభవమైన అంకె కాదది, చూసినవాళ్లు చలి ప్రవాహమేదో వచ్చిందనుకుంటారు. లేని విలువకు సున్నా వేస్తే మరీ ప్రమాదం. ఉప్పునీరు సుమారు -1.8 డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టదు కాబట్టి ధ్రువ సముద్రాల్లో సున్నా నిజమైన ఉష్ణోగ్రతే.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో పైథాన్ నేర్చుకున్నవారికి పాండాస్‌లోని డ్రాప్‌ఎన్‌ఏ తెలిసే ఉంటుంది. ఖాళీ ఉన్న వరుసలను ఒక్క మాటతో ఊడ్చేస్తుంది. ఎక్స్‌ఆరే అనే పైథాన్ సాధనంతో నెట్‌సీడీఎఫ్ తెరిచి (అది -999లను ఖాళీలుగా మార్చేస్తుంది), పట్టికగా మార్చి, డ్రాప్‌ఎన్‌ఏ కొట్టి, సీఎస్‌వీగా రాసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఓఐఎస్‌ఎస్‌టీలో ఉష్ణోగ్రత ఒక్కటే ఉండదు. సగటు నుంచి తేడా, అంచనాలో పొరపాటు, మంచు అని మరో మూడు నిలువు వరుసలున్నాయి. మంచు లేనిచోట ఆ మంచు వరుస ఖాళీ. డ్రాప్‌ఎన్‌ఏని ఏమీ చెప్పకుండా వదిలితే ఒక్క ఖాళీ కనబడినా వరుస మొత్తాన్ని తీసేస్తుంది. ఫలితంగా బంగాళాఖాతం, అరేబియా సముద్రం, హిందూ మహాసముద్రంలో ఎక్కువ భాగం మాయమై, ధ్రువాల దగ్గరి మంచు సముద్రం మాత్రం మిగులుతుంది. ప్రోగ్రాం ఏ తప్పూ చూపదు, ఫైల్ చక్కగా తెరుచుకుంటుంది. ఉష్ణోగ్రత వరుసను మాత్రమే చూసి తీసెయ్యమని సబ్‌సెట్‌లో చెప్పడమే దీనికి మందు.

ఎగుమతికి ముందు పరిమాణం చూసుకోవాలి. తేదీ, చిరునామాతో కలిపి ఒక్కో వరుస సుమారు 30 అక్షరాలు, రోజుకు సుమారు మూడు కోట్ల బైట్లు. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి కాబట్టి ఒక రోజు పట్టిక అంచు దాకా నిండుతుంది. నేల గడులు తీసేసినా రెండో రోజుకు చోటు చాలదు. తీసెయ్యడం ఎంత అవసరమో, కావలసిన ప్రాంతం వరకే ముందుగా కోసుకోవడం అంతకన్నా అవసరం.

ఇదంతా చదువుకునేవాళ్ల గొడవ మాత్రమే కాదు. బల్కంపేట నుంచి కూకట్‌పల్లి దాటి వెళ్తే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సముద్ర సమాచార సేవల కోసం 1999లో ఏర్పడిన జాతీయ కేంద్రం. ఉపగ్రహాలు పంపిన ఉష్ణోగ్రత, పత్రహరిత గడుల నుంచి చేపలు దొరికే చోట్లను గుర్తించి, మత్స్యకారులకు తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో సూచనలిస్తుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతెంత అన్నదే ఆ సూచన. గడుల లెక్క పడవలోకి చేరేసరికి నాలుగు మాటల టెక్స్ట్ అయిపోతుంది.

ఆ ఉపగ్రహ గడుల్లో లేమికి మరో కారణం ఉంది, మబ్బు. పరారుణ కిరణాలతో వేడిని కొలిచే ఉపగ్రహానికి మబ్బు కింది నీరు కనబడదు. నేల గడి ఏనాడూ నిండదు, మబ్బు గడి మాత్రం రేపు నిండొచ్చు. టెక్స్ట్‌లో రెండింటినీ ఒకేలా వదిలేస్తే ఆ తేడా చెరిగిపోతుంది. పైగా మబ్బు పట్టిన చోట ఎండ తగ్గుతుంది, గాలీ వానా నీటిని చల్లబరుస్తాయి. తేటగా ఉన్న గడులతోనే సగటు కడితే బంగాళాఖాతం ఉన్నదానికన్నా వెచ్చగా తేలే అవకాశం ఉంది. ఇన్‌కాయిస్ మబ్బు కమ్మిన రోజున ఆ తీరానికి మబ్బుల వల్ల సూచన ఇవ్వలేకపోతున్నామని చెబుతుంది. ఏదో ఒక అంకె వేసి పంపదు. డీజిల్ పోసుకుని వేటకు వెళ్లేవారికి అది చాలా పెద్ద మర్యాద.

మనం రాసుకునే టెక్స్ట్‌లోనూ అది సాధ్యమే. నేల వరుసలను తీసేసి, మబ్బు వరుసలను చిరునామాతో ఉంచి, విలువ స్థానంలో 'విలువ లేదు' అనే అర్థంలో ఎన్‌ఏఎన్ అని రాయొచ్చు. సగటు పక్కన అది ఎన్ని గడుల మీద కట్టిందో మరో నిలువు వరుసలో వేయొచ్చు. పై నాలుగు గడుల ఉదాహరణలో సగటు 28.6, దాని పక్కన 3.