త్రోవయందలి తగవు

రహదారి యే యొక్కని సొంతమును గాదు. అది యందఱి సొంతము. ఊరుమ్మడి చెఱువునీటిని పంచుకొనుట మనకు తరతరముల యలవాటు. ఎగువ మడివాడు దిగువ మడివానిని మఱచినచో తగవు పుట్టునని యెఱిగియే మన పెద్దలు వంతు లేర్పఱచిరి. కాని రోడ్డును పంచుకొనుటలో మాత్రము మనకింకను వంతులు తెలిసిరాలేదు. సైకిలువాడు మోటారువానిని, మోటారువాడు సైకిలువానిని నిందించుచుండగా, నడుమ నష్టపడువారు మన సభ్యులే యగుచున్నారు. ఎరువులను గూర్చియు ఋణవాయిదాలను గూర్చియు ప్రతిమాసమును వ్రాయుచునే యున్నాము. ఈ మాసము ఈ విషయమును సభ్యుల యెదుట నుంచుట మా విధియని తోచినది.

గడచిన కార్తీకమాసమున జరిగిన సంగతి యిందులకు కారణము. మన సభ్యులలో నొకరు, రెండు పాడిగేదెలపై సంసారము నీడ్చుకొను చిన్నరైతు, తెల్లవారుజామున సైకిలునకు రెండు పాలక్యానులు తగిలించుకొని పాలకేంద్రమునకు బయలుదేరిరి. మంచు దట్టముగా నుండెను. ఎదురుగా వచ్చిన కారు దీపములు కన్నులకు సూటిగా కొట్టుటచే త్రోవ కానరాక, ఆయన యెడమ ప్రక్కకు ఒదిగిరి. ఆ ప్రక్కనే వడ్లబస్తాలతో నిండిన ట్రాక్టరు ట్రక్కొకటి రాత్రినుండియు నిలిచియుండెను. దాని వెనుక దీపము లేదు, ఎఱ్ఱబిళ్ల లేదు, ఆనవాలుగా నొక చెట్టుకొమ్మయైనను లేదు. సైకిలు పోయి దానిని గొట్టుకొనెను. పాలు నేలపాలయ్యెను, ఆయన కుడితొడ యెముక విఱిగెను. కారు ఆగకయే పోయెను.

ఆ ట్రక్కు సొంతదారును మన సభ్యులే. “రోడ్డుపై ట్రక్కు నిలిపి నా కొడుకు కాలు విఱుగగొట్టినారు” అని యొక తల్లి యేడ్చెను. “దీపము లేని సైకిలు నెవరు తొక్కమనిరి?” అని రెండవ యింటివారు పలికిరి. పక్కపక్క పొలములవారు, ఒకరి కల్లమునకొకరు సాయమువచ్చువారు, మాటలు మానుకొనిరి. సర్వసభ్య సమావేశమున తక్కిన పనులన్నియు ఆగి, రెండుగంటల కాలము ఈ వాదమే నడచెను. సంఘమే రెండుగా చీలునేమో యని మేము వెఱచితిమి.

రెండు పక్షముల మాట

ఆనాడు మేము ఇరుపక్షముల వారి మాటయు వినియుంటిమి. రెంటను నిజము కలదు.

సైకిలువారి మొఱ యిది. మోటారువారు వెనుకనుండి హారను మ్రోగించి, త్రోవ తమ తాతల ఆస్తియైనట్లు పొమ్మందురు. చేయి చాచినంత యెడమైనను విడువక రాసికొని పోవుదురు. లారీ గాలికే సైకిలు తూలును. ముందున్న బండిని దాటవలెనని ఎదురుదెసకు వచ్చి, ఎదుటి సైకిలువాడు తానే దిగిపోవునని తలంతురు. దిగుదమన్నను తారు అంచునకు క్రింద జానెడు లోతు గుంట. రాత్రివేళ దీపము తగ్గింపుమన్న తగ్గింపరు.

మోటారువారి మొఱయు వినదగినదే. సైకిలువారు ముగ్గురేసి వరుసగా కబుర్లు చెప్పుకొనుచు తొక్కుదురు. చేయి చూపకయే చటుక్కున కుడివైపునకు తిరుగుదురు. పచ్చగడ్డిమోపు నడ్డముగా కట్టి సగము రోడ్డు నాక్రమింతురు. చీకటిలో దీపము లేక నల్లని దుప్పటి కప్పుకొని వత్తురు. అన్నిటికిని మించి, ఎదురుదెసన వత్తురు.

ఈ కడపటి మాటకు కారణము వేఱుగా నున్నది. చెన్నై నుండి కలకత్తా పోవు 16వ నంబరు జాతీయ రహదారియు, హైదరాబాదు నుండి విజయవాడ మీదుగా పోవు 65వ నంబరు రహదారియు వెడల్పైన పిమ్మట, అనేక గ్రామములలో ఊరొకవైపునను పొలమొకవైపునను మిగిలినవి. నడుమ గట్టు వెలసినది. ఆవలికి పోవలెనన్న దూరముననున్న వంతెన క్రిందుగా చుట్టి రావలెను. కావున రైతు దగ్గఱి త్రోవయని ఎదురుదెసనే పోవును. తప్పు తప్పే, కాని త్రోవ వేసినవారు పొలమునకు పోవువానిని తలచుకొనియుండిన ఆ తప్పు సగము తగ్గెడిది.

తగవునకు మూలము

పూర్వము మన బాటలపై నడచునవి ఎడ్లబండ్లే. బండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు పోవును. ప్రక్కన నడచు బాటసారియు నంతే. వేగములు సమానముగా నున్నందున తగవు తక్కువ. బండి తోలువాడు కునుకు తీసినను ఎడ్లు త్రోవ తప్పవు. ఇరుసు క్రింద వ్రేలాడు లాంతరే వెనుకవానికి హెచ్చరిక. ఇరుకుబాటలో రెండు బండ్లెదురైనచో వట్టి బండివాడు ఒదిగి బరువుబండికి దారి యిచ్చెడివాడు.

పిమ్మట మోటారు వచ్చెను. బ్రిటిషు ఇండియాలో 1914 లోనే మోటారు వాహనముల చట్టము పుట్టెను. దాని స్థానమున 1939 లో మఱియొకటి వచ్చెను. నేడు మనము లోబడియున్నది 1988 నాటిది, 1989 జూలై 1 నుండి అమలులోనున్నది. చట్టములు మాఱినవి, రోడ్లు పెరిగినవి. కాని ఒకే తారుమీద బండి నాలుగును, సైకిలు పండ్రెండును, ట్రాక్టరు ఇరువదియైదును, కారు డెబ్బది మొదలు నూఱు కిలోమీటర్లును వేగముతో పోవుచున్నవి. తగవునకు మూలమిదియే.

వేగమనగా నేమో లెక్కవేసి చూతము. గంటకు 70 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకనునకు 19 మీటర్లు పోవును. ఎదుట మనిషిని చూచి బ్రేకుపై కాలు మోపునప్పటికే ఒకటిన్నర సెకను గడచును. అంతలో 29 మీటర్లు పోయినది. బ్రేకు పట్టిన పిదప పొడి తారుపై మఱి 30 మీటర్లకు పైగా జాఱును. వెరసి 60 మీటర్లు, అనగా దాదాపు రెండువందల అడుగులు. వాన కురిసినచో ఇంకను హెచ్చు. అదే కారు 35 కిలోమీటర్ల వేగముతో వచ్చినచో 23 మీటర్లలో ఆగును. వేగము రెట్టింపైనచో దెబ్బ రెట్టింపు కాదు, నాలుగురెట్లగును. ఇక దించిన దీపపు వెలుగులో నల్లబట్టల మనిషి ముప్పది నలుబది మీటర్లలోపునగాని కానరాడు. చూచునప్పటికే ఆగుటకు చోటు చాలదు. ఎఱ్ఱ రిఫ్లెక్టరు బిళ్లయొకటి యున్నచో నూఱు మీటర్లకు పైనుండియే తళుక్కుమనును. బ్రతుకునకును చావునకును నడుమనున్నది ఆ బిళ్లయే.

ఇది మన యూరి ముచ్చట మాత్రమే కాదు. 2022 సంవత్సరమున దేశమందు 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మృతినొందిరని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. ఆ మరణములలో మూడింట రెండు వంతులకు పైగా గ్రామీణ ప్రాంతములందు జరిగినవే. పట్టణమున రద్దీ యుండును, పల్లెత్రోవన వేగముండును. చంపునది వేగము.

హాలండు దేశముననుకూడ నిట్టి దుఃఖమే కలిగెను. 1971 లో ఆ చిన్నదేశమున మూడువేలకు పైగా జనులు రోడ్లపై మరణించిరి. వారిలో పిల్లలే నాలుగువందలకు మించిరి. తల్లిదండ్రులు వీధులకెక్కి యడిగిరి. ప్రభుత్వము క్రమముగా సైకిళ్లకు వేఱు బాటలు వేసెను, ఊళ్లలో మోటార్ల వేగము తగ్గించెను. నేడక్కడ సైకిలు తొక్కుట క్షేమమైన పని. అడిగినవారికే బాట దొరకునని దీనివలన గ్రహింపవలెను.

మన యింటి తప్పులు

మోటారువారిని తిట్టుటకు ముందు మన యింటి తప్పులు చూచుకొందము. కోతలకాలమున వడ్లును మొక్కజొన్నలును తారురోడ్డుపై ఆఱబోయువారము మనమే. వానిపై టార్పాలిను కప్పి, అంచులకు బండఱాళ్లు పెట్టి, ప్రొద్దుగ్రుంకగానే యింటికి పోవుదుము. చీకటిలో ఆ ఱాయి తగిలి పడువాడు లారీవాడు కాడు, సైకిలువాడు, మోటారుసైకిలువాడు, తఱచుగా మన పిల్లవాడే. ప్రజలు నడచు త్రోవకు అడ్డము కల్పించుట భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను క్రింద నేరము. ఐదువేల రూపాయలవఱకు జుల్మానా పడును. జుల్మానా కన్న ప్రాణము గొప్పది. కల్లము లేక రోడ్డెక్కుచున్నామనుట నిజమే. అట్లయినచో ఉమ్మడి కల్లమునకై కలిసి యడుగవలెను గాని, పరుల ప్రాణముపై పంట నారబెట్టరాదు.

ట్రాక్టరు దమ్ముచక్రములతోనే రోడ్డెక్కించి తారు చీల్చుట, ట్రక్కునకు వెనుక దీపము లేకుండుట, చెఱకు గడలు బయటికి పొడుచుకొని వచ్చునట్లు నింపుట, ఇవియు మనవే.

సభ్యు లెఱుగవలసిన చట్టము

సైకిలునకు లైసెన్సు వలదు, బీమా వలదు. ఐనను త్రోవపై దానికి హక్కు కలదు. మోటారు బండికి మాత్రము పరులకు గలుగు నష్టమునకై బీమా తప్పనిసరి. ట్రాక్టరునకును నిది వర్తించును. బీమా గడువు దాటిన ట్రాక్టరు ఎవరినైనను కొట్టినచో పరిహారము పొలమమ్మి కట్టవలసివచ్చును. గాయపడినవారు ట్రిబ్యునలునందు దావాను ఆఱునెలలలోపల వేయుట క్షేమము. కొట్టిన బండి దొరకక పోయినచో, 2022 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న పథకము ప్రకారము మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు ఏబదివేల రూపాయలు లభించును. ఇందులకు పోలీసువారికి వెంటనే తెలిపి కాగితము పుట్టించుట ముఖ్యము.

పడియున్నవానిని ఆసుపత్రికి చేర్చినచో పోలీసుల చిక్కు వచ్చునని కొందఱు తప్పించుకొని పోవుచున్నారు. 2019 నాటి సవరణతో చేరిన 134-ఎ సెక్షను సాయపడినవానికి రక్షణ యిచ్చినది. తన పేరు చెప్పుమని వానిని నిర్బంధింపరాదు. 108 నంబరునకు ఫోను చేయుట యెవ్వరికైనను సాధ్యమే.

సంఘము చేయదలచినది

ఆ సమావేశమున మేము తీర్పు చెప్పలేదు. తీర్మానములు మాత్రము చేసితిమి. సభ్యుల ట్రక్కులన్నిటికి వెనుకను ప్రక్కలను అంటించుటకు, జనులు రేడియము అను మెఱయు పట్టీని సంఘము టోకున కొని అసలు వెలకే యిచ్చును. పాలు పోయు సభ్యుల సైకిళ్లకు వెనుక ఎఱ్ఱబిళ్లయు, ముందొక దీపమును ఇదే రీతిగా నిచ్చి, వెలను పాలబిల్లులో కొంచెము కొంచెముగా మినహాయించును. రాత్రి ట్రక్కును రోడ్డుపై నిలుపరాదు. చెడిపోయి నిలిచినచో వెనుక దూరముగా గుఱుతు పెట్టి, కావలి యుండవలెను. పొలమునకు దాటు త్రోవకై గ్రామపంచాయతీ ద్వారా రహదారి అధికారులకు మహజరు పంపవలెను.

ప్రతిసభ్యుడును తనంతట తాను చేయదగినవి స్వల్పమే. సైకిలువారు ఎడమ ప్రక్కను ఒకరి వెనుక నొకరు పోవలెను. తిరుగునపుడు వెనుకకు చూచి చేయి చూపవలెను. చీకటివేళ తెల్లబట్ట కట్టవలెను. మోటారు నడుపువారు ఎదురు మనిషి కనబడగానే దీపము దించవలెను. దాటునపుడు నిండు బారెడు ఎడమీయవలెను. చోటు లేనిచో దాటక వెనుకనే ఓర్చుకొనవలెను. రెంటిలో బరువైనది, వేగమైనది ఒదుగుట ధర్మము. వట్టి బండి బరువుబండికి దారి యిచ్చిన మన తాతల మర్యాద యిదియే.

కాలు విఱిగిన సభ్యు లిప్పుడు చేతికఱ్ఱ సాయమున నడచుచున్నారు. సైకి లింకను తొక్కజాలరు. మూడుమాసములు ఆయన యింటి పాలను ట్రక్కు సొంతదారే తన మోటారుసైకిలుపై కేంద్రమునకు చేర్చిరి. ఎవ్వరును చెప్పలేదు, ఆయనయే వచ్చి క్యానులు తీసికొనిపోయిరి. రెండు కుటుంబముల నడుమ మునుపటి చనవింకను రాలేదు. కాని క్యానుల అప్పగింతతో మాట మొదలైనది. ఒక ఎఱ్ఱబిళ్ల ముందుగనే యుండిన ఇంత బాధ లేకపోయెడిది. దాని వెల ఒకపూట పాల వెలకు మించదు. సభ్యులెల్లరు ఈ మాసాంతములోపల సంఘ కార్యాలయమునకు వచ్చి తమ బండ్లకు కావలసినవి తీసికొని పోవలెనని మా విన్నపము.