సర్పి వేరు, హెర్పిస్ వేరు

కిందటి చలికాలంలో ఇక్కడ ట్రాలీలో మన వాళ్ళమ్మాయి ఒకామె నన్ను పక్కకు పిలిచింది. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. మర్మస్థానంలో పొక్కులు లేచి మంట పుడితే డాక్టరు చూసి హెర్పిస్ అన్నాడట. "టీచరమ్మా, నేను ఆయన్ని తప్ప ఎరగను. మరి ఆయన తప్పు చేసినట్టేనా?" అని ఏడ్చింది. నేను బడిపంతులమ్మనే గాని వైద్యురాలిని కాను. అయినా ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో జవాబు ఉన్నది గనుక వ్రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. నడుము చుట్టూ లేచే పొక్కులను మా అవ్వ సర్పి అనేది. పాములా పాకుతుందని ఆ పేరు. గ్రీకులో హెర్పిస్ అన్నా పాకేదనే అర్థం. సంస్కృతంలోని సర్ప శబ్దానికి అది దాయాది. ఈ సంగతి తెలిసిననాడు నాకు ఎంత ముచ్చట వేసిందో! కాని జబ్బులు మాత్రం వేరు. సర్పి ఆటలమ్మ వైరస్ వల్ల వచ్చేది, సుఖవ్యాధి కాదు.

మనం చెప్పుకునేది హెర్పిస్ సింప్లెక్స్. ఇది రెండు రకాలు. మొదటిది పెదవి మీద పొక్కుగా కనబడేది. చాలామందికి పసితనంలోనే ముద్దుల వల్ల సోకుతుంది. రెండవది సంభోగం వల్ల సోకేది. అయితే పెదవి రకం కూడా నోటి ద్వారా మర్మస్థానానికి చేరగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనాల ప్రకారం 50 ఏళ్ళ లోపు వారిలో 380 కోట్ల మందికి మొదటి రకం, 15 నుంచి 49 ఏళ్ళ వారిలో 52 కోట్ల మందికి రెండవ రకం ఉన్నాయి. చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు.

ఎందుకంటే ఈ వైరస్ చర్మం నుంచి నరాల వెంట పోయి, వెన్నెముక దగ్గరి నరాల ముడులలో దాగుతుంది. ఏళ్ళ తరబడి ఊరకే ఉండవచ్చు. పొక్కు లేకపోయినా అప్పుడప్పుడు చర్మం మీదికి వచ్చి ఇంకొకరికి సోకుతుంది. కనుక ఈవేళ పొక్కు లేచిందంటే నిన్న తప్పు జరిగిందని కాదు. పెళ్ళికి ముందే ఇద్దరిలో ఒకరికి సోకి ఉండవచ్చు. భర్త పెదవి పొక్కు నుంచే రావచ్చు. ఏనాడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా తేల్చదు. ఆయన నిర్దోషి అని రుజువైనట్టు కాదు, దోషి అనడానికి ఇది సాక్ష్యమూ కాదు. ఆమెకు ఇదే చెప్పాను. తరువాత ఆయనకూ చెప్పవలసి వచ్చింది, అదే కష్టమైంది.

1982 ఆగస్టులో అమెరికా టైమ్ పత్రిక హెర్పిస్‌ను ముఖచిత్రంగా వేసి, అదొక కొత్త కళంకమన్నట్టు చాటింది. అదే కాలంలో ఎసైక్లోవిర్ అనే మందూ వచ్చింది. ఇటువంటి మందులకు దారి తీసిన పరిశోధనలకు గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నది. వైరస్‌ను పూర్తిగా తొలగించే మందు లేదు గాని, ఇది త్వరగా మొదలుపెడితే పొక్కులు తొందరగా మానుతాయి. పదే పదే లేచేవారు రోజూ వాడితే లేవడమూ, ఇతరులకు సోకడమూ తగ్గుతాయి. కండోమ్ కొంతవరకే కాపాడుతుంది. పొక్కులున్న రోజుల్లో దూరంగా ఉండాలి.

గర్భిణులు మాత్రం సిగ్గుపడి దాచకూడదు. చివరి నెలల్లో మొదటిసారి సోకితే పసికందుకు ప్రాణాపాయం. అప్పుడు సాధారణంగా ఆపరేషన్ చేసి కాన్పు చేస్తారు. పాతగా ఉన్న తల్లి బిడ్డకు అపాయం చాలా తక్కువ.

ఐర్లండులో ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్కులలో పరీక్షకు, వైద్యానికి డబ్బు తీసుకోరు. 2022 నుంచి దేశమంతటా ఇంటికి ఉచితంగా పరీక్ష పెట్టె కూడా పంపుతున్నారు, కాని అందులో హెర్పిస్ పరీక్ష లేదు. దీనికి పొక్కు మీద దూదిపుల్లతో తుడిచి తీయాలి. కనుక పొక్కు ఆరకముందే వెళ్ళి చూపించుకోవాలి.