కీళ్ళవాతం గలవారికి తలుపు పిడి ఎటువంటిది ఉండాలి?

మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్ళు. ఆరేళ్ళుగా ఆమెకు బొటనవ్రేళ్ళ మొదళ్ళలోను, వ్రేళ్ళ చివరి కణుపులలోను నొప్పి. కీలు ముడిచినా చాచినా నొప్పి, వాపు ఉండడం సంధిగత వాత లక్షణమని చరక సంహిత చికిత్సాస్థానం 28వ అధ్యాయం చెబుతున్నది. వైద్యుని సలహాపై ప్రతి ఉదయం మహానారాయణ తైలాన్ని గోరువెచ్చగా చేసి, ఆమె చేతులకు మర్దించి, ఆపై కాపడం పెడుతుంటాను. దానివలన ఆమెకు కొంత ఉపశమనం కలుగుతూనే ఉన్నది.

గత వర్షాకాలంలో ఒకనాడు మర్దనం ముగిసిన పది నిమిషాలకే స్నానాల గదిలోనుండి, "అమ్మాయీ, పిడి తిరగడం లేదే!" అన్న పిలుపు వినిపించింది. ఆ తలుపుకు ఉన్నది గుండ్రని స్టీలు పిడి. నూనె చేయి దానిమీద జారిపోతున్నది. గట్టిగా పట్టుకొందామంటే బొటనవ్రేలు సహకరించదు. లోపల మీట నొక్కి ఉన్నందున బయటినుండి నేనెంత త్రిప్పినా ప్రయోజనం లేకపోయింది. చివరకు పిడి నడుమనున్న సన్నని రంధ్రంలో మేకు దూర్చి తెరిచేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. నొప్పి తగ్గడానికి నేను రాసిన తైలమే ఆమెను ఆ గదిలో బంధించినది!

తరువాత జరిగినది ఇంకా బాధాకరం. ఆమె తలుపు దగ్గరగా వేసి, బకెట్టు అడ్డం పెట్టుకొని స్నానం చేయసాగారు. ఇంట్లో బంధువులున్న రోజులలో మంచినీళ్ళు త్రాగడమే తగ్గించివేశారు. మూత్రంలో మంట మొదలై వైద్యుని వద్దకు వెళ్ళవలసి వచ్చినప్పుడు గాని నాకు అసలు సంగతి తెలియలేదు.

గుండ్రని పిడితో చిక్కు ఏమిటో కొంచెం ఆలోచిస్తే బోధపడుతుంది. దానిని ముందు వ్రేళ్ళతో బిగించి పట్టాలి, ఆ పట్టు సడలకుండా మణికట్టును మెలిపెట్టాలి. వ్రేళ్ళ కొసలలో మనం బిగించే బలం బొటనవ్రేలి మొదలు వద్ద అనేక రెట్లై కీలును ఒత్తుతుంది. తడి చేయి, నూనె చేయి అయితే ఇంకా ఎక్కువ బిగించాలి. అడ్డంగా ఉండే లీవర్ హ్యాండిల్‌కు పట్టుతో పనిలేదు, క్రిందికి నొక్కితే చాలు. పిడి అంచు దాని కేంద్రానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటే, లీవర్‌ను పది సెంటీమీటర్ల దూరాన నొక్కవచ్చును. అనగా నాలుగవ వంతు బలం సరిపోతుంది. అరచేతితోనైనా, మోచేతితోనైనా నొక్కవచ్చును.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. బిగించి పట్టకుండా, గిల్లకుండా, మణికట్టు త్రిప్పకుండా ఒక్క చేతితో తెరువగలిగే పిడులే ఉండాలని అమెరికాలోని 2010 నాటి వికలాంగుల సౌకర్య ప్రమాణాలు విధించాయి. కెనడాలోని వాంకూవర్ నగరం 2013లో తన నిర్మాణ నిబంధనలను సవరించి, 2014 మార్చి నుండి కొత్త కట్టడాలలో గుండ్రని పిడులకు బదులు లీవర్లను తప్పనిసరి చేసినది. మన పాత ఇండ్లలోని ఇనుప కడియం ఈ విషయంలో ఎంతో మేలు. వ్రేలు దూర్చి లాగితే తలుపు వచ్చేది. పైనున్న గొళ్ళేన్ని మాత్రం అంతగా మెచ్చుకోలేను.

పిడి మార్చడం పెద్ద పని కాదు. క్రొత్తది కొనేముందు మూడు కొలతలు వ్రాసుకోవాలి: తలుపు మందం, తలుపుకున్న గుండ్రని రంధ్రం వ్యాసం, తలుపు అంచునుండి ఆ రంధ్రం మధ్యభాగం వరకు గల దూరం. ఈ దూరం సాధారణంగా 60 లేక 70 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలతలు కుదిరితే పాత రంధ్రంలోనే లీవర్ అమరుతుంది. లీవర్ కొస తలుపువైపు వంగి ఉన్నదే కొనండి, లేకుంటే చీర కొంగు తగులుకొంటుంది. కొన్ని రకాలకు కుడి, ఎడమ తేడా ఉంటుంది, దుకాణంలోనే అడిగి తెలుసుకోవాలి. స్నానాల గదికైతే బయటివైపు నాణెంతో త్రిప్పి తెరువగల గాడి ఉన్నది అత్యవసరం. తలుపు పైభాగాన వేరే బోల్టు ఉంటే దానిని తీయించివేయండి. అది వేసి ఉంటే ఈ గాడి వలన ఉపయోగం లేదు.

మాకు వడ్రంగి గంటలోపే పని ముగించాడు. వానలకు ఉబ్బి చట్రానికి పట్టేస్తున్న తలుపు అంచును చిత్రిక పట్టించి, మడతబందులలో నూనె వేయించాను. తలుపే బిగుసుకొని ఉంటే ఎంత మంచి లీవరైనా చేతికి శ్రమే.

అద్దె ఇంట్లో ఉన్నవారు ఇంటివారు ఒప్పుకొనేవరకు పాత సైకిల్ ట్యూబు ముక్కను పిడికి బిగుతుగా తొడిగితే పట్టు జారదు. ఇది తాత్కాలికమే, మణికట్టు మెలిపెట్టే బాధ తప్పదు. తైలమర్దనం తరువాత శనగపిండితో చేతుల జిడ్డు వదిలించడం అందరికీ మంచిది.

ఒక హెచ్చరిక. ఉదయం లేవగానే గంటకు మించి వ్రేళ్ళు బిగుసుకొని ఉండడం, రెండు చేతుల కీళ్ళూ వాచి వేడిగా ఉండడం, జ్వరం, అరుచి ఉంటే అది ఆమవాతం కావచ్చును. అందులో తైలమర్దనం సాధారణంగా పనికిరాదు, పొడి ఇసుక కాపడమే చెబుతారు. అటువంటివారు ఆలస్యం చేయక వైద్యునికి చూపించుకోవాలి.

మా అత్తగారు ఇప్పుడు తలుపు వేసుకొనే స్నానం చేస్తున్నారు. చేతిలో చెంబు ఉన్నా మోచేతితో లీవరు నొక్కి వస్తారు. వంటింటి కుళాయిల సంగతి ఏమిటని నిన్న అడిగారు. అవి కూడా మరత్రిప్పుడు కుళాయిలే. వచ్చే నెలలో వాటినీ మార్పించాలి.