అడిగినవారి దస్త్రమేనా?

రేషన్‌కార్డు, విద్యార్థి వేతనం, పింఛను వంటి అర్జీలనేకం నేడు కంప్యూటరు ద్వారానే సాగుతున్నాయి. తెరపై ‘చూడు’, ‘మార్చు’, ‘తొలగించు’ అనే మీటలుంటాయి. మీట నొక్కిన మరుక్షణం తెరవెనుక జరిగే మొదటి పనిపైనే కుటుంబ వివరాల భద్రత ఆధారపడి ఉంది.

వచ్చిన కోరికను అందుకొని తగిన పనికి పంపే భాగాన్ని కంట్రోలర్ అంటారు. అది కచేరీలోని గుమాస్తా వంటిది. అర్జీ సంఖ్య చెప్పగానే గుమాస్తా ముందు బీరువాలోని ఫైలు తీసి బల్లపై పెట్టుకుంటాడు. దిద్దుబాటైనా, ముద్రయినా ఆ తరువాతే. కంట్రోలర్ కూడా వెబ్ చిరునామాలోని సంఖ్యను బట్టి డేటాబేస్ నుండి రికార్డు తెచ్చుకొని, ఆపై పనికి పూనుకుంటుంది.

చూడటానికి, మార్చటానికి, తొలగించటానికి ఇదే తొలి మెట్టు. ఒకే ఆజ్ఞను మూడుచోట్ల వ్రాస్తే ఎక్కడో ఒకచోట మరపు రావచ్చు. అందుచేత దానిని ఒకేచోట వ్రాసి, ఆ పనులకు ముందుగా నడిచేలా ఏర్పాటు చేస్తారు. 2004లో విడుదలైన రూబీ ఆన్ రైల్స్‌లో దీనిని తొలుత ‘బిఫోర్ ఫిల్టర్’ అనేవారు. 2013లో వెలువడిన 4వ వెర్షన్‌తో ‘బిఫోర్ యాక్షన్’ అనే పేరు వచ్చింది. కొత్త అర్జీకి ఇంకా ఫైలే ఉండదు కనుక దానిని ఈ ఏర్పాటు నుండి మినహాయిస్తారు. అడిగిన రికార్డు లేకపోతే పని అక్కడే ఆగి, ‘దొరకలేదు’ అని తెలిపే 404 సమాధానం వస్తుంది.

అసలు ప్రమాదం రికార్డు దొరికినప్పుడే ఉంది. చిరునామాలోని 512ను ఎవరైనా 513గా మార్చితే? కంట్రోలర్ సంఖ్యను మాత్రమే చూసి ఫైలు తీస్తే, పొరుగువారి బ్యాంకు ఖాతా పరాయివారి కంటబడుతుంది. ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన వెబ్ భద్రతా లోపాల జాబితాలో, ఇటువంటి అనుమతి లోపాలదే ప్రథమ స్థానం. దీనికి విరుగుడు సులభమే: ముందు లాగిన్ అయినదెవరో తేల్చుకోవాలి, తరువాత అన్ని ఫైళ్లలో గాక, ఆ వ్యక్తికి చెందిన ఫైళ్లలోనే వెదకాలి. అప్పుడు పరాయి సంఖ్యకు 404 తప్ప మరేమీ రాదు.

అయితే ఈ కాపలా లాగిన్ అయిన పేరునే నమ్ముతుంది. సేవాకేంద్రంలో పని ముగిశాక లాగవుట్ కాకపోతే, తరువాత కూర్చున్నవారిని కూడా అది అసలు అర్జీదారుగానే భావిస్తుంది. కనుక లేచే ముందు లాగవుట్ చేయించుకోవాలి. తెరపై ఇతరుల వివరాలు కనబడితే దేనినీ మార్చక, సంబంధిత కార్యాలయానికి వెంటనే తెలియజేయాలి.