బ్లూ స్క్రీన్ వచ్చిందా? ముందు కోడ్ చదవండి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న హాస్టళ్లలో ల్యాప్‌టాప్‌లతో పాటు అసెంబుల్డ్ పీసీలూ బాగానే కనిపిస్తాయి. గేమింగ్‌కో, ఫైనలియర్ ప్రాజెక్టుకో కొంటారు. నాలుగు రోజులకి ఓవర్‌క్లాకింగ్ వీడియో ఒకటి చూస్తారు, బయోస్‌లోకి వెళ్లి రెండంకెలు మారుస్తారు. ఇక అక్కడి నుంచి తెర నీలంగా మారడం, సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవడం మొదలు. రిపేరుకి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ‘మదర్‌బోర్డు పోయింది’. నెల హాస్టల్ ఫీజంత డబ్బు పోతుంది. నిజానికి దేన్ని అనుమానించాలో ఆ తెర మీదే రాసి ఉంటుంది, మనమే చదవం.

బేస్ క్లాక్ సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. మల్టిప్లయర్ 45 అయితే ప్రాసెసర్ 4.5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, 48 చేస్తే 4.8. వేగం పెంచితే సాధారణంగా వోల్టేజ్ కూడా పెంచాలి. చిక్కంతా ఇక్కడే. పవర్ ఖర్చు వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.25 వోల్టులని 1.35 చేసి, 4.5 నుంచి 4.8కి వెళ్లారనుకోండి. వేగం పెరిగింది 7 శాతం లోపే, పవర్ మాత్రం లెక్క ప్రకారం దాదాపు 24 శాతం. అదంతా వేడే. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటి, టాప్ ఫ్లోర్ రూమ్‌లో ఫ్యాన్ గాలే వేడిగా తగులుతుంటే, జనవరిలో చక్కగా నడిచిన సెట్టింగ్ నిలబడకపోవచ్చు.

ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకి బాగా ఎదురయ్యేది 124. తెర మీద ‘డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ అని ఉంటుంది. సరిదిద్దలేని తప్పు జరిగిందని హార్డ్‌వేరే విండోస్‌కి చెప్పుకుందన్నమాట. మొదటి అనుమానం కోర్ వోల్టేజ్ చాలలేదని. అలాగని పెంచుకుంటూ పోకండి. వేడెక్కినా, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు వైపు లోపమున్నా ఇదే కోడ్ రావచ్చు. టెంపరేచర్ చూసి, మల్టిప్లయర్ ఒక మెట్టు దించండి. 101 అంటే ‘క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్’. ఒక కోర్ పిలిస్తే పలకలేదు, అటెండెన్స్ వేళకి నిద్రపోయిన లాస్ట్ బెంచ్ కుర్రాడిలా. ఓవర్‌క్లాక్ చేసిన సిస్టమ్‌లో ఇదీ ఎక్కువగా వోల్టేజ్ వైపే చూపిస్తుంది. 1ఏ, అంటే ‘మెమరీ మేనేజ్‌మెంట్’ వస్తే ముందు ర్యామ్ సంగతి చూడండి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగే అని చాలామందికి తెలీదు.

50 కాస్త మోసకారి. ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ ర్యామ్ వల్లా రావచ్చు, డ్రైవర్ వల్లా రావచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ తేడా చేసి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయినప్పుడు చాలా తెరల మీద కనిపించింది ఇదే. ఆ రోజు మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనూ బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఓవర్‌క్లాకింగ్‌తో దానికి ఏ సంబంధమూ లేదు.

కోడ్ చదివేలోపే తెర మాయమైందా? ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి ‘కెర్నల్-పవర్ 41’ వెతకండి. వివరాల్లో బగ్‌చెక్ కోడ్ ఉంటుంది, కాకపోతే మామూలు డెసిమల్‌లో. 292 అని ఉంటే హెక్సాడెసిమల్‌లో 124. 257 అంటే 101, 26 అంటే 1ఏ, 80 అంటే 50. ఈ సంగతి తెలీక 292 అని గూగుల్ చేస్తే దారి తప్పుతారు. సున్నా ఉందంటే విండోస్‌కి కోడ్ రాసే టైమే దొరకలేదు. కరెంటు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఎస్‌ఎంపీఎస్ చూడండి, సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయినా ఇలాగే ఉంటుంది. ఇంకా లోతుకి వెళ్లాలంటే విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ ఫైల్‌ని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీలో తెరవండి.

మొన్నామధ్య ఎల్బీనగర్‌లో ఓ బీటెక్ కుర్రాడి పీసీ చూశాను. ప్రాజెక్ట్ మోడల్ ట్రైన్ చేస్తుంటే అరగంటకోసారి పడిపోతోంది. రివ్యూ నాలుగు రోజుల్లో ఉంది. కొత్త బోర్డు, ప్రాసెసర్‌కి కొటేషన్ కూడా తెచ్చుకున్నాడు. లాగ్‌లో ఒకసారి 26, ఇంకోసారి 80. బయోస్‌లో అన్నీ డిఫాల్ట్‌కి తెచ్చాం, రాత్రంతా నడిచింది. ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ ఒక్కటే మళ్లీ పెట్టాం, అదీ నిలబడింది. ఎక్స్‌ఎంపీ ఆన్ చేయగానే మెమ్‌టెస్ట్86లో ఎర్రర్లు. చూస్తే రెండు ర్యామ్ స్టిక్కులూ వేరే వేరే కంపెనీలవి, ఒకటి సెకండ్ హ్యాండ్. ఎక్స్‌ఎంపీ ఆపేశాడు, రివ్యూ ఇచ్చేశాడు. రూపాయి ఖర్చు కాలేదు. రెండు సెట్టింగులూ ఒకేసారి మార్చి ఉంటే తప్పు ఎక్కడుందో తేలేది కాదు.

డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంటర్వ్యూల్లో ‘బ్లూ స్క్రీన్ వస్తే ఏం చేస్తారు?’ అన్నది పాత ప్రశ్నే. ‘ఫార్మాట్ చేస్తాను సార్’ అన్నది అంతకన్నా పాత జవాబు. కోడ్ రాసుకోవడం, డిఫాల్ట్‌కి తేవడం, ఒక్కొక్కటే మార్చి చూడటం, డంప్ చదవడం... ఈ వరసలో చెప్పండి. మీరే బాగుచేసిన కేసుంటే కోడ్ నంబరుతో సహా చెప్పండి. అన్నట్టు 2025లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో ఆ తెర రంగు నలుపు చేసింది, స్టాప్ కోడ్ మాత్రం ఉంచింది.

ఓవర్‌క్లాక్ చేయకుండానే క్రాష్ అవుతోందా? లోపల ఇంటెల్ 13 లేదా 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉందేమో చూడండి. వాటిలో కొన్నిటికి అవసరానికి మించి వోల్టేజ్ వెళ్తోందని 2024లో కంపెనీయే ఒప్పుకుని, మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఒరిజినల్ బిల్లు అడిగి తీసుకోండి, ఇంటికి రాగానే బయోస్ అప్‌డేట్ చేయండి.