పాడే అక్కకు తన గొంతు వినబడాలి

మన గల్లీ బతుకమ్మలో పాడే అక్కకు తన గొంతు తనకే వినబడకపోతే ఏం చేస్తది? గట్టిగా అరుస్తది. రెండో పాటకే గొంతు బొంగురుపోతది. ఆమె కోసమని మెయిన్ ఫేడర్ పెంచితే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోనే పడి కూత పెడుతుంది.

మిక్సర్‌లో మైకు శబ్దం గెయిన్, లో కట్, ఈక్యూ దాటి ఫేడర్‌కు వస్తుంది. అక్కడి నుంచి జనం స్పీకర్లకు పోతుంది. పాడేవాళ్ల ముందుండే మానిటర్‌కు వేరే దారి ఉంది, దాని పేరు ఆక్స్. దాన్ని ప్రీ ఫేడర్‌లో పెట్టండి. జనం వైపు ఫేడర్ ఎంత పెంచినా తగ్గించినా అక్కకు వినబడేది మారదు. మామూలు చేతి మైకైతే మానిటర్ దాని వెనక వైపు ఉండాలి. అటు నుంచి మైకు తక్కువ శబ్దం పట్టుకుంటుంది.

మిక్సర్ కాడ కూర్చునే తమ్ముళ్లూ, పాట మొదలుకాకముందే అడగండి: "అక్కా, నీ గొంతు నీకు వినబడ్తున్నదా?"