అటక దిగిన పాట!

అటక మీద నాన్నగారి రికార్డ్ ప్లేయరు ఉందా? తాతగారి వాల్వ్ సెట్టు ఉందా? అయితే కిందికి దించండి. దుమ్ము దులపండి. కానీ... దయచేసి ప్లగ్ మాత్రం పెట్టకండి!

ఇంటికి వెల్ల వేయించేటప్పుడో, ఇల్లు మారేటప్పుడో బయటపడుతుంది అది. టేకు చెక్క పెట్టె, ముందు గుండ్రటి మీటలు, లోపల గాజు వాల్వులు. ఒకప్పుడు ఇంటిల్లిపాదినీ చుట్టూ కూర్చోబెట్టుకున్న పెట్టె. 'పాడుతుందేమో చూద్దాం' అంటూ ఎవరో ఒకరు ఉత్సాహంగా ప్లగ్ పెట్టేస్తారు. కాసేపు గుంయ్‌మంటుంది. తర్వాత 'టప్'మని చప్పుడు, ఘాటు వాసన, పొగ. 'పాతదైపోయిందిలే' అనుకుని పాత సామాన్లవాడికి వేసేస్తారు. నిజానికి అప్పటిదాకా దానికి ప్రాణం ఉంది. తీసింది మన తొందరే!

ఆ పొగ ఎందుకంటే...

మన మెకానిక్కులు కండెన్సర్ అని పిలిచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరే అసలు దోషి. అందులో అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని రసాయన ద్రావణం ఉంటుంది. ఏళ్ల తరబడి కరెంటు అందకపోతే ఆ పొర బలహీనపడుతుంది, ద్రావణం ఎండిపోతుంది. అలాంటిదానికి ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే వేడెక్కి పేలుతుంది. ఒక్కోసారి తనతోపాటు ట్రాన్స్‌ఫార్మర్‌నీ తీసుకుపోతుంది. కండెన్సర్ ఖరీదు కొద్దిపాటిదే. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మాత్రం మళ్లీ వైండింగ్ చేయించాల్సిందే.

అందుకే అనుభవం ఉన్న మెకానిక్కు ముందు సీరీస్ బోర్డు తీస్తాడు. 60 లేదా 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు గుండా సెట్టుకి కరెంటు ఇస్తాడు. బల్బు ఒక్కసారి మెరిసి డల్ అయిపోతే ఫర్వాలేదు. కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. వేరియాక్ ఉన్నవాళ్లు వోల్టేజిని మెల్లమెల్లగా పెంచుతూ సెట్టుని 'నిద్రలేపుతారు'.

ఇంకో హెచ్చరిక. వాల్వ్ ఆంప్లిఫయర్ లోపల 300 వోల్టులకు పైనే ఉండటం మామూలు. ప్లగ్ తీసేశాక కూడా కండెన్సర్లలో ఆ విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. తెలియనివాళ్లు స్క్రూడ్రైవరు పట్టుకోకపోవడమే మేలు.

రోగం ఏదంటే...

పాత సెట్ల జబ్బులు చాలావరకూ చెవికే తెలిసిపోతాయి. పాట వెనక ఆగకుండా గుంయ్‌మంటుంటే ఫిల్టర్ కండెన్సర్లు పోయినట్టు. వాల్యూమ్ తిప్పినప్పుడు బరబరమంటే మీట లోపల మట్టి పేరుకున్నట్టు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు అటూఇటూ తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. బాస్ పలికినప్పుడల్లా స్పీకరు చిరిగినట్టు కొట్టుకుంటే కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ అంచుని చూడండి. ఇరవై ఏళ్లకి అది పొడిపొడిగా రాలిపోతుంది. కోన్ బాగుంటే స్పీకరు పారేయక్కర్లేదు, అంచు మారిస్తే చాలు.

టర్న్‌టేబుల్ మీద పాట సాగుతోందా? బెల్టు వదులైందన్నమాట. బెల్టు లేనివాటిలో ఐడ్లర్ అనే రబ్బరు చక్రం గట్టిపడి ఉండొచ్చు. 1954లో ఇంగ్లండులో వచ్చిన గారార్డ్ 301 ఈ రకందే. బేరింగుకి సరైన నూనె పడితే ఇప్పటికీ హాయిగా తిరుగుతుంది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200కి బెల్టూ లేదు, చక్రమూ లేదు. మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది. 2010లో దాని తయారీ ఆపేసిన కంపెనీ, 2016లో మళ్లీ మొదలుపెట్టింది!

వజ్రపు ముల్లు ఆయుష్షు సాధారణంగా 500 నుంచి 1000 గంటలు. అరిగిన ముల్లుతో వింటే రికార్డు గాడి కూడా అరిగిపోతుంది. ఆ నష్టానికి రిపేరు లేదు. 78 స్పీడు లక్క రికార్డుకీ, ఎల్పీకీ గాడి వెడల్పు వేరు. కాబట్టి ముల్లూ వేరే ఉండాలి. గ్రామఫోను ఉక్కు ముల్లు కింద ఎల్పీ పెట్టారో, ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే.

అమెరికా నుంచి తెస్తే...

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు అక్కడి పాత మరాంట్జ్, పయొనీర్ రిసీవర్లని ముచ్చటపడి తెచ్చుకుంటారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, జపాన్‌లో 100. మన 230లో నేరుగా పెడితే అంతే సంగతులు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. టర్న్‌టేబుల్‌కి అదీ చాలకపోవచ్చు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. సింక్రోనస్ మోటారు ఉన్నదైతే ఆరింట ఒక వంతు వేగం తగ్గి, ఘంటసాల పాట కూడా నిద్రమత్తులో పాడినట్టుంటుంది. అలాంటప్పుడు మోటారు పుల్లీ మార్చాలి.

పాతదనం పోకుండా...

ఇంతకీ భాగాలన్నీ మార్చేస్తే అది నాన్నగారి సెట్టేనా? బాగుచేసేవాళ్లని వేధించే ప్రశ్న ఇది. కొందరు పాత కండెన్సర్ డబ్బాని ఖాళీచేసి, కొత్తది అందులోనే దాచేస్తారు. పైకి చూస్తే అంతా అప్పటిదే. మరికొందరు చెడినవాటినే మార్చి, తీసిన భాగాల్ని కవర్లో వేసి యజమానికి ఇచ్చేస్తారు. రెండూ మంచి పద్ధతులే. చెక్క పెట్టెకి మాత్రం పెయింటు వేయించకండి, మెత్తటి బట్టతో తుడిస్తే చాలు.

విడిభాగాలకి హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు ప్రసిద్ధి. 1960ల్లో మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన వాల్వుల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. కొత్తవి రష్యా, స్లొవేకియా, చైనాల్లో తయారవుతున్నాయి.

ఇదంతా ముసలివాళ్ల సరదా అనుకుంటున్నారేమో! 2022లో అమెరికాలో వినైల్ రికార్డులు 4.1 కోట్లు అమ్ముడైతే, సీడీలు 3.3 కోట్లే. 1987 తర్వాత రికార్డులదే పైచేయి కావడం అదే మొదటిసారి. గిరాకీ తిరిగొచ్చింది. కరువైంది చేయి తిరిగిన మెకానిక్కులే. వాల్వ్ సెట్లు విప్పి నేర్చుకున్న తరం పెద్దదైపోయింది. మీ ఊళ్లో అలాంటాయన ఉంటే అటక మీది పెట్టెని ఈ వారమే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. ఖర్చు ఎంతవుతుందో ముందే అడగండి.

అది బాగై ఇంటికొచ్చిన రోజు తొందరపడి మీరే పాట పెట్టేయకండి. అమ్మానాన్నల్ని పిలిచి, ఆ ముల్లు వాళ్లచేతే వేయించండి.